ఆటల్లో ఉన్న పిల్లలకు అండగా నిలిచే మనుషుల్ని ఎలా సమకూర్చుకోవాలి?

“మా అమ్మాయి జిల్లా మీట్‌లో ఫస్ట్ వచ్చింది. ఏ అకాడమీలో చేర్పించమంటారు?” సెలెక్షన్స్ మొదలయ్యాయంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఇదే. తర్వాత షూ గురించి, ప్రొటీన్ పొడి గురించి అడుగుతారు. మనుషుల గురించి అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. పొద్దున్నే గ్రౌండ్‌కి ఎవరు దింపుతారు, మోకాలు నొప్పి అంటే ఎవరికి చూపిస్తారు, పోయిన పాఠాలు ఎవరు చెప్తారు, ఓడిపోయి వచ్చిన రోజు ఎవరి దగ్గర మనసు విప్పుతుంది అన్నవి ముందు తేలాలి. అకాడమీ ఏదన్నది ఆ తర్వాత సంగతి.

దీప్తి జీవాంజి ఉదాహరణ చూడండి. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లు పోటీపడే టీ20 విభాగంలో, 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. ఆ ఏడాదే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆమెది వరంగల్ జిల్లా కల్లెడ. అమ్మానాన్నలది కూలి బతుకు. ఊళ్లోవాళ్లు నోటికొచ్చినట్టు అన్నా, కూతురిని గుండెల్లో పెట్టుకుని పెంచారు. ఆమె కాళ్లలోని వేగాన్ని మొదట గమనించింది స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ). హైదరాబాద్ రప్పించి తీర్చిదిద్దింది కోచ్ నాగపురి రమేశ్. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ వైపు నుంచి సాయం, సలహా అందాయి. సికింద్రాబాద్‌లో పరీక్షలు చేయించాకే పారా పోటీలకు అర్హత ఉందని తేలింది. ఆ వరుసలో ఒక్కరు తప్పుకున్నా దీప్తి కల్లెడ దాటేది కాదేమో. ఇందులో ఏ ఇద్దరూ ఒకే పని చేయలేదన్నది గమనించండి.

పదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లలున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. ఆట ఏదైనా పద్ధతి ఇదే. ఇంట్లో ఆట తెలిసినవాళ్లు ఒక్కరూ లేకపోయినా చేయొచ్చు.

కావలసినవి

- రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి. ఇంట్లో అందరికీ అందుబాటులో ఉండాలి.
- ప్లాస్టిక్ కవర్లున్న ఫైలు ఒకటి, సర్టిఫికెట్ల కోసం.
- వారంలో ఒక గంట. ఆదివారం సాయంత్రమైతే మంచిది, గ్రౌండ్ టెన్షన్ ఉండదు.
- నలుగురైదుగురి ఫోన్ నంబర్లు. అందరూ పెద్దవాళ్లో, పేరున్నవాళ్లో కానక్కర్లేదు.
- అన్నిటికంటే ముందు, మీ అమ్మాయి లేదా అబ్బాయి ఇష్టం. ఇది లేకపోతే కింద చెప్పేవి ఏవీ పనిచేయవు.

1. ముందు పిల్లల్ని అడగండి, మీరు రాసుకోండి

కూర్చోబెట్టి మూడే ప్రశ్నలు అడగండి. గ్రౌండ్‌లో నీకు బాగా అనిపించేది ఏంటి? ఏది చేయాలంటే భయమేస్తుంది? ఏ విషయంలో మేం సాయం చేయాలి? జవాబు వచ్చాక వాదించకండి. “కోచ్ అరిస్తే భయం” అంటే “మంచికే కదా అరిచేది” అని కొట్టిపారేయకుండా, అన్నమాట అన్నట్టే రాసుకోండి. చాలా ఇళ్లలో మొదటిసారి “ఏం లేదు, బానే ఉంది” అనే వస్తుంది. వారం ఆగి మళ్లీ అడగండి. ఎదురెదురుగా కూర్చుని చెప్పలేని పిల్లలు బండి మీద వెనక కూర్చున్నప్పుడు చెప్పేస్తారు.

2. పనులు రాయండి, ప్రతి పనికీ ఒక పేరు రాయండి

ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే సగం ఇబ్బందులు తీరిపోతాయి. నోట్‌బుక్‌లో పేజీకి ఎడమవైపు పనులు, మధ్యలో ఆ పని చూసే మనిషి పేరు, కుడివైపు ఆ మనిషి లేనప్పుడు చూసే ఇంకొకరి పేరు రాయండి.

పనులు ఇవి: గ్రౌండ్‌కి తీసుకెళ్లి తీసుకురావడం, ఆట నేర్పడం, తిండి చూడటం, నొప్పులు, దెబ్బలు చూడటం, చదువు, కాగితాలు, డబ్బు, పోటీలకు ఊరెళ్లేటప్పుడు తోడు, ఆట సంగతులతో సంబంధం లేకుండా మాట్లాడే మనిషి.

రాయడం మొదలుపెడితే ఒక విషయం మీకే కనిపిస్తుంది. తొమ్మిది పనులుంటే ఆరింటి పక్కన “అమ్మ” అని ఉంటుంది. లేదా అన్నిటి పక్కనా “కోచ్ సార్” అని ఉంటుంది. రెండూ ప్రమాదమే. అమ్మకు జ్వరం వస్తే ఆరు పనులు ఆగిపోతాయి. కోచే తిండి చెప్పి, మందు చెప్పి, డబ్బు చూసి, ఊరికి తోడెళ్లి, చివరికి పిల్ల మనసులో మాట కూడా ఆయనే వినాలంటే, ఆయనతోనే ఏదైనా ఇబ్బంది వచ్చిన రోజు పిల్లకు చెప్పుకోవడానికి ఎవరూ మిగలరు.

కాబట్టి ఒక నియమం పెట్టుకోండి. ఒక మనిషి పేరు మూడు పనులకు మించి రాకూడదు. నాలుగో చోట వస్తే ఆ పని ఇంకొకరికి అప్పగించండి.

మనుషులు లేరనిపిస్తే ఇలా వెతకండి. దింపడానికి: అదే గ్రౌండ్‌కి వచ్చే ఇంకో ఇద్దరు పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడి వంతులు వేసుకోండి. చదువుకి: పక్కింట్లో డిగ్రీ చదివే అక్క సరిపోతుంది. ఊరెళ్లేటప్పుడు తోడుకి: మేనత్త, పిన్ని, రిటైరైన తాతయ్య. తాతయ్యలు ఈ పనికి చాలా బాగా పనికొస్తారు. వాళ్లకు తీరిక ఉంటుంది, ఫలితం గురించి పిల్లల ప్రాణం తోడెయ్యరు.

సైనా నెహ్వాల్ చిన్నప్పుడు వాళ్ల నాన్న తెల్లవారకముందే ఆమెను స్కూటర్ మీద రాజేంద్రనగర్ వైపు నుంచి లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకొచ్చేవారు. వెనక కూర్చుని నిద్రలోకి జారిపోతోందని, పడిపోకుండా పట్టుకోవడానికి అమ్మ కూడా ఎక్కేవారు. 2012 లండన్ కాంస్యం వెనక స్కూటర్ మీద కూతుర్ని పట్టుకుని కూర్చోవడం లాంటి చిన్న పని కూడా ఉంది. మీ నోట్‌బుక్‌లో ఇలాంటి చిన్న పనులకూ పేరు రాయండి.

3. కోచ్‌తో ముందే మాట్లాడుకోండి

ఫీజు కట్టి వచ్చేయకండి. ఒక అరగంట అడిగి తీసుకుని ఈ నాలుగూ తెలుసుకోండి.

వారానికి ఎన్ని గంటల ప్రాక్టీస్, సెలవు ఏ రోజు? క్రీడా వైద్యులు పిల్లల విషయంలో వాడే ఒక సులువైన కొలత ఉంది: వారంలో ప్రాక్టీస్ గంటలు పిల్లల వయసు దాటకూడదు, కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి ఉండాలి. పన్నెండేళ్ల పిల్లకు వారానికి పన్నెండు గంటలు దాటుతుంటే కారణం అడగండి. మంచి కోచ్ చిరాకుపడరు, వివరంగా చెప్తారు.

దెబ్బ తగిలితే ఏం చేస్తారు? ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడుంది, దగ్గర్లో ఆసుపత్రి ఏది, మీకు ఎప్పుడు ఫోన్ చేస్తారు?

పిల్లల గురించి మీరు ఎప్పుడు మాట్లాడొచ్చు? రోజూ గ్రౌండ్ గేటు దగ్గర ఆపి అడిగితే ఏ కోచ్‌కైనా విసుగొస్తుంది. నెలకు ఒక పదిహేను నిమిషాలు అని ఖాయం చేసుకోండి.

బయటి ఊళ్లలో పోటీలుంటే ఎవరు వెంట వెళ్తారు, గదులు ఎలా ఇస్తారు? అమ్మాయిల జట్టుతో మహిళా కోచ్ తప్పకుండా ఉండాలని 2022లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా జాతీయ సమాఖ్యలకు స్పష్టంగా చెప్పింది. జిల్లా, రాష్ట్ర పోటీల్లోనూ మీరు అదే అడగండి. మహిళా కోచ్ లేకపోతే మహిళా పీఈటీనో, ఇంకో అమ్మాయి తల్లినో తోడు పంపమని పట్టుబట్టండి.

జాగ్రత్త: కోచ్ ఎంత మంచివారైనా, ఎంత పేరున్నవారైనా ఈ మూడూ అబ్బాయిలకూ అమ్మాయిలకూ వర్తిస్తాయి. పిల్లలతో మెసేజ్‌లు మీరు కూడా ఉన్న గ్రూపులోనే నడవాలి. మూసిన గదిలో ఒంటరిగా ప్రాక్టీస్, మసాజ్ ఉండకూడదు. “ఇంట్లో చెప్పకు” అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా పిల్లలు ఆ రోజే మీకు చెప్పాలి, చెప్తే మీరు వాళ్లని తిట్టరన్న నమ్మకం ముందే ఇవ్వాలి. అనుమానం వస్తే “సెలెక్షన్స్ అయ్యేదాకా ఆగుదాం” అనుకోకండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలందరికీ వర్తిస్తుంది.

ఊళ్లో కోచ్ లేరా? స్కూల్ పీఈటీతోనే మొదలుపెట్టండి. జ్యోతి యర్రాజిని విశాఖలో మొదట గుర్తించింది స్కూల్ వ్యాయామ ఉపాధ్యాయుడే. తర్వాత హైదరాబాద్‌లో నాగపురి రమేశ్ దగ్గర, ఆపైన భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ దగ్గర సాధన చేసింది. 2022లో వంద మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్లలోపు పూర్తిచేసిన తొలి భారతీయురాలైంది. మొదటి గురువు దగ్గరే చివరిదాకా ఉండాలని లేదు. మారేటప్పుడు మాత్రం పాత గురువుకు ముఖాముఖి చెప్పి, కృతజ్ఞత తెలిపి మారండి. సెలెక్షన్ కమిటీలో, జిల్లా అసోసియేషన్‌లో మళ్లీ ఎదురయ్యేది వాళ్లే.

4. ఇంట్లో ఎవరి పని వాళ్లకు

పి.వి. సింధు అమ్మానాన్నలు ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. నాన్న రమణ అర్జున అవార్డు గ్రహీత. ఆట మీద అంత పట్టున్నా బ్యాడ్మింటన్ నేర్పడం కోచ్‌లకే వదిలేశారు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు గోపీచంద్ ఆమె ఫోన్ తీసేసుకున్నారు, ఐస్‌క్రీమ్ వద్దన్నారు. ఇంట్లోవాళ్లు దానికి అడ్డుచెప్పి ఉంటే ఆ క్రమశిక్షణ నిలిచేదా?

మీ ఇంట్లో పాటించాల్సినవి కొన్నే. గ్యాలరీలోంచి టెక్నిక్ అరవకండి. “మోచెయ్యి పైకెత్తు, ముందుకెళ్లు” అని మీరు, వేరే ఏదో కోచ్, మధ్యలో పిల్ల. మ్యాచ్ అయ్యాక ఇంటికొచ్చే దారిలో ఆట గురించి మీరు ఎత్తకండి. నీళ్లిచ్చి, “ఆకలేస్తోందా?” అని అడగండి, చాలు. వాళ్లే మొదలుపెడితే వినండి. ఇంకో బిడ్డ ఉంటే వాళ్లకంటూ వారంలో ఒక పూట ఉంచండి. ఇంటి సమయం, డబ్బు మొత్తం ఒకరి చుట్టే తిరుగుతుంటే రెండోవాళ్లు లోపల్లోపల కుమిలిపోతారు. అది ఆటగాడైన బిడ్డకు కూడా తెలుస్తుంది, నా వల్లే అని బాధపడతాడు.

నాన్నమ్మో, పెదనాన్నో “ఆడపిల్లకు నిక్కర్లేంటి, ఎండలో నల్లబడిపోతోంది” అంటే, ఆ మాట పిల్ల దాకా రాకుండా ఆపే బాధ్యత ఒకరు తీసుకోండి. నోట్‌బుక్‌లో దీన్ని కూడా ఒక పనిగా రాయండి.

5. స్కూల్లో ఒకరిని మీవైపు తిప్పుకోండి

హెడ్మాస్టర్‌కి దరఖాస్తు ఇవ్వడం ఒక్కటే చాలదు. క్లాస్ టీచర్‌తో విడిగా మాట్లాడండి. సీజన్ మొదట్లోనే పోటీల తేదీలు రాసిచ్చి, ఏ పాఠాలు పోతాయో అడగండి. నోట్స్ ఫొటోలు పంపే స్నేహితురాలు ఒకరు ఉంటే సగం బరువు తగ్గుతుంది.

సీబీఎస్ఈలో పది, పన్నెండు చదువుతూ జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో ఉన్నవాళ్లకు తేదీలు కలిసిపోతే వేరే రోజుల్లో పరీక్ష రాసే వీలు ఇస్తున్నారు. స్కూల్ ద్వారా ముందే దరఖాస్తు చేసుకోవాలి, క్రీడా సంస్థ సిఫారసు ఉండాలి. హాల్‌టికెట్ చేతికొచ్చాక పరుగెడితే పని జరగదు. స్టేట్ సిలబస్ అయితే మీ హెడ్మాస్టర్‌ని ఏడాది మొదట్లోనే అడిగి తెలుసుకోండి.

చదువు పూర్తిగా మానిపించి ఆట మీద పెట్టడం వద్దు. మోకాలి దెబ్బ ఒక్కటి చాలు, రెండూ పోవడానికి. హాస్టల్లో ఉండి రెండూ నడవాలంటే హకీంపేటలోని తెలంగాణ స్పోర్ట్స్ స్కూల్ ఉంది. నాలుగో తరగతిలో చేర్చుకుంటారు, ఎత్తు, బరువు, పరుగు, దూకడం లాంటి పరీక్షలు పెడతారు. ఆంధ్రలో కడప స్పోర్ట్స్ స్కూల్ ఉంది. నాలుగో తరగతిలో చేర్చాలంటే పిల్లకు ఎనిమిదేళ్లప్పుడే ఆలోచించుకోవాలి. ఆ వయసులో ఇల్లు వదిలి ఉండగలదా అన్నది మీకే తెలియాలి.

6. నొప్పి వస్తే ఎవరికి చూపించాలో నొప్పి రాకముందే తేల్చుకోండి

మీ దగ్గర్లో ఒక ఎముకల డాక్టర్, ఒక ఫిజియో పేర్లు, నంబర్లు రాసిపెట్టుకోండి. జిల్లా ఆసుపత్రిలోనూ ఫిజియోథెరపీ విభాగం ఉందేమో కనుక్కోండి.

కొన్ని సంగతులు బాగా గుర్తుంచుకోవాలి.

చీలమండ బెణికిన వెంటనే నూనె రాసి గట్టిగా మర్దన చేయకండి. వాపు పెరుగుతుంది. ఐస్‌ని గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి, కాలు ఎత్తులో ఉంచండి. నాలుగడుగులు కూడా బరువు మోపి వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే. పుత్తూరు కట్టుకి వెళ్లాలనుకున్నా ముందు ఎక్స్‌రే, ఆ తర్వాతే మిగతావి.

పదకొండు నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లలకు మోకాలి చిప్ప కింద గట్టిగా ఉబ్బి, నొక్కితే నొప్పి అంటుంటే అది బద్ధకం కాదు. ఎదిగే ఎముక దగ్గర లాగుడు పడటం వల్ల వస్తుంది. దూకడాలు, పరుగు తగ్గిస్తే చాలామందికి తగ్గిపోతుంది. ఎంత తగ్గించాలో డాక్టర్, కోచ్ ఇద్దరూ కలిసి చెప్పాలి. ఇద్దరికీ మధ్య మాట మోసే మనిషి మీ నోట్‌బుక్‌లో ఉండాలి.

తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి అయినా, కాసేపు ఏమీ గుర్తులేకపోయినా ఆ రోజు మళ్లీ ఆడించకండి. ఫైనల్ మ్యాచైనా సరే. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక మందులు. పిల్ల రాష్ట్ర స్థాయి దాటిందంటే డోపింగ్ పరీక్షలు, అంటే నిషిద్ధ మందులు ఒంట్లో ఉన్నాయా అని చూసేవి, రావచ్చు. శరీరంలో దొరికినదానికి బాధ్యత ఆటగాళ్లదే, తెలియక తాగాం అంటే సరిపోదు. దగ్గు మందుల్లో చాలావాటిలో టెర్బ్యుటలిన్ ఉంటుంది, అది నిషిద్ధ జాబితాలో ఉంది. ప్రెడ్నిసలోన్ మాత్రలు పోటీల సమయంలో నిషిద్ధం. కాబట్టి ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా మొదటి మాట “మా పిల్ల పోటీల్లో ఆడుతుంది” అని చెప్పండి. డోపింగ్‌ను అడ్డుకునే జాతీయ సంస్థ నాడా వాళ్ల ‘నో యువర్ మెడిసిన్’ (Know Your Medicine) యాప్‌లో మందు పేరు కొట్టి చూసుకోండి. ఆ మందు తప్పనిసరైతే ముందస్తు అనుమతి తీసుకునే పద్ధతి ఉంది, డాక్టర్ కాగితాలు దాచుకోండి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పొడి, ఇంజెక్షన్ జోలికి అసలు వెళ్లకండి. పదిహేనేళ్ల పిల్లకు ఆ పొడితో పనే లేదు.

ప్రత్యామ్నాయం: ఫిజియో ఖర్చు భరించలేకపోతే, ఒక్కసారి వెళ్లి వ్యాయామాలు నేర్చుకుని వాటిని ఫోన్‌లో వీడియో తీసుకోండి. రోజూ ఇంట్లో చేయించే మనిషిని పెట్టుకోండి. రెండు వారాలకు ఒకసారి చూపిస్తే చాలా సందర్భాల్లో సరిపోతుంది.

నిఖత్ జరీన్‌కు 2017లో భుజం దెబ్బతిని, శస్త్రచికిత్స అయ్యి, చాలాకాలం రింగ్‌కు దూరమైంది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యింది. నిజామాబాద్‌లో ఆమెను బాక్సింగ్ వైపు నడిపింది ఆమె నాన్నే, ఆయనా ఒకప్పటి క్రీడాకారుడే. దెబ్బ తగిలి ఇంట్లో కూర్చున్న నెలల్లోనే మనుషుల అవసరం ఎక్కువ. గెలిచినప్పుడు దండలు వేసేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. దెబ్బ తగిలినప్పుడు వారానికోసారి ఇంటికొచ్చి పలకరించమని జట్టు పిల్లల్ని మీరే అడగండి.

7. తిండి, నిద్ర

ఇక్కడ పెద్ద శాస్త్రం అక్కర్లేదు. ప్రాక్టీస్‌కు ముందు అరటిపండో, రాగి జావో. ప్రాక్టీస్ అయిన గంటలోపు గుడ్డు, పాలు, పెసరట్టు, పల్లీలు, ఇలా ఏదో ఒకటి కడుపులో పడాలి. ఎండలో ఉప్పు వేసిన మజ్జిగ. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రాత్రి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. పొద్దున ఐదింటికి లేవాలంటే తొమ్మిదికల్లా పడుకోవాలి, అంటే ఇంట్లో టీవీ కూడా తొమ్మిదికే ఆగాలి.

అమ్మాయిల విషయంలో ఒక మాట. నెలసరి మూడు నెలలు వరుసగా ఆగిపోతే “ప్రాక్టీస్ వల్లలే” అని వదిలేయకండి. పడే శ్రమకు సరిపడా తిండి అందడం లేదనడానికి అది గుర్తు కావచ్చు, ఎముకల బలం తగ్గుతుంది. ఆడ డాక్టర్‌కి చూపించండి. ఏడాదికి ఒకసారైనా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ సంగతులు పిల్ల సిగ్గుపడకుండా చెప్పగలిగే ఒక మహిళ పేరు నోట్‌బుక్‌లో ఉందో లేదో చూసుకోండి.

8. గెలుపోటములతో పని లేని మనిషి ఒకరు

కోచ్‌కి ఫలితం కావాలి. మీకూ కావాలి, లేదని చెప్పినా పిల్లలకు తెలిసిపోతుంది. అందుకే ఫలితం ఊసెత్తని మనిషి ఒకరుండాలి. బాబాయి, పాత టీచర్, వేరే ఊళ్లో ఉన్న అక్క, ఎవరైనా సరే. వాళ్లకు మీరు చెప్పాల్సింది ఒక్కటే: “వారానికోసారి ఫోన్ చెయ్యి, మెడల్ గురించి మాత్రం అడగకు.” ఆ ఫోన్లో ఏం మాట్లాడుకున్నారని ఆరా తీయకండి.

నిద్ర పట్టకపోవడం, గ్రౌండ్ అనగానే కడుపునొప్పి, మాటమాటకీ ఏడుపు రెండు వారాలు దాటితే అది బద్ధకమో నాటకమో అనుకోకండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబర్ 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. చచ్చిపోవాలనిపిస్తోంది లాంటి మాట పిల్ల నోట వస్తే రెండు వారాలు ఆగడం లేదు, ఆ రోజే ఫోన్ చేయండి, ఒంటరిగా వదలకండి.

9. డబ్బు, కాగితాలు

పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ రికార్డు మూడింట్లోనూ ఒకే తేదీ, ఒకే ఇంటిపేరు ఉండాలి. అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి. “అండర్-14లో ఇంకో ఏడాది ఆడొచ్చు, వయసు తగ్గించి రాయిద్దాం” అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఎముకల పరీక్షలో దొరికితే నిషేధం పడుతుంది, అప్పటిదాకా గెలిచినవీ పోతాయి.

ప్రతి పోటీ సర్టిఫికెట్‌నూ అదే వారం స్కాన్ చేసి ఇద్దరి ఫోన్లలో దాచండి. ఖర్చులు నెలవారీగా రాయండి. సాయం అడిగేటప్పుడు “చాలా ఖర్చవుతోంది సార్” అనడం కంటే, బూట్లకింత, బస్సులకింత అని చూపిస్తే వినేవాళ్లు ఉంటారు. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాలో ఎంపికైన పిల్లలకు ఏడాదికి 6.28 లక్షల రూపాయల విలువైన సాయాన్ని నిర్ణయించారు. అందులో నెలకు పది వేలు చేతి ఖర్చులకు. అది అందరికీ రాదు కాబట్టి ఇంటిని తాకట్టు పెట్టే ముందు ఆగండి. ఏడాదికి ఇంత అని ఒక హద్దు గీసుకుని, అది పిల్ల ముందు ఎప్పుడూ ఎత్తకండి. “నీకోసం ఎంత ఖర్చు పెట్టామో తెలుసా” అన్న మాట విన్న పిల్ల తర్వాతి మ్యాచ్‌లో ఆ అప్పును కూడా మోస్తూ దిగుతుంది.

పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది?

మెడల్స్ లెక్కపెట్టి తేల్చకండి. ఆదివారం గంటలో వీటిని చూడండి.

మీరు వారం ఊళ్లో లేకపోతే ఏ పని ఆగిపోతుంది? నిజంగానే ఒక వారం మీ పనులు రెండో పేరున్నవాళ్లకు అప్పగించి చూడండి. ఆగిన పని దగ్గర కొత్త పేరు రాయండి. నొప్పి మొదలైన రోజుకీ, మీకు చెప్పిన రోజుకీ మధ్య ఎంత తేడా ఉంది? రెండు రోజులు దాటుతోందంటే పిల్ల దాస్తోంది. చెప్తే జట్టులోంచి తీసేస్తారనో, మీరు తిడతారనో భయం ఉండొచ్చు. ఆ భయం ఎవరి వల్లో కనుక్కోండి. సెలవు రోజున పిల్ల ఏం చేస్తోంది? ఆటతో సంబంధం లేని స్నేహితులు ఒకరిద్దరైనా ఉన్నారా? పొద్దున అలారానికి తనంతట తను లేస్తోందా, రోజూ లాగాల్సి వస్తోందా?

మూడు నెలలకోసారి మొదటి దశలోని మూడు ప్రశ్నలూ మళ్లీ అడిగి, పాత జవాబుల పక్కన రాయండి. భయం కింద రాసిన మాట అలాగే ఉంటే, ఆ పని చూడాల్సిన మనిషితో మాట్లాడాలి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

బంధువులందరితో వాట్సాప్ గ్రూపు పెట్టి ప్రతి స్కోరూ పంపడం ఒకటి. ఓడిన రోజు ముప్పై మంది ఓదార్పు పిల్లకు శిక్షలా ఉంటుంది. గెలిచిన పిల్లతో పోల్చడం ఇంకొకటి. ఇది చేయకూడదని అందరికీ తెలుసు, అయినా అందరూ చేస్తారు.

ఒకేసారి ఇద్దరు కోచ్‌ల దగ్గరికి, ఒకరికి తెలియకుండా ఇంకొకరి దగ్గరికి పంపడం పెద్ద తప్పు. ఇద్దరూ ఎవరికి వారు పూర్తి ప్రాక్టీస్ ఇస్తారు, ఒళ్లు తట్టుకోదు. రెండో కోచ్ కావాలంటే మొదటివారికి చెప్పి, గంటలు పంచుకోండి.

సాయం చేసినవాళ్లను మర్చిపోవడం కూడా పొరపాటే. దింపే పక్కింటాయనకు, నోట్స్ పంపే స్నేహితురాలికి పోటీ అయ్యాక పిల్ల చేతే ఫోన్ చేయించండి, గెలిచినా ఓడినా.

పిల్ల ఆపేస్తానంటే?

వెంటనే ఒప్పుకోకండి, వెంటనే కాదనకండి. అలసటా, నొప్పా, భయమా, లేక నిజంగానే ఇష్టం పోయిందా అన్నది ముందు తేల్చుకోవాలి. అలసటైతే రెండు వారాలు పూర్తిగా సెలవివ్వండి. నొప్పైతే డాక్టర్. భయమైతే ఎవరంటే భయమో తెలిసేదాకా గ్రౌండ్‌కి పంపకండి. ఈ మూడూ కాకపోతే, ఎనిమిదో దశలోని మనిషితో ఒకసారి మాట్లాడనివ్వండి. అప్పటికీ వద్దంటే ఒప్పుకోండి. కోచ్‌కి మీరే వెళ్లి చెప్పండి, పిల్ల మీద పెట్టకండి. ఫైలు మాత్రం పారేయకండి. కాలేజీ సీట్లలో, ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకు ఏ సర్టిఫికెట్ పనికొస్తుందో అప్పటి నోటిఫికేషన్ చూసుకుని అడగొచ్చు.